చెవితో నేర్చుకున్న గెంతులు

జూన్ 6

అత్తా,

క్షేమ సమాచారాలు చివర్లో రాస్తాను. ముందు పని.

ఇక్కడి నాటకశాలవాళ్ళు సాయంత్రాలు బాలే నేర్పే కోర్సు పెడుతున్నారు. పగలు పనిచేసుకునే వాళ్ళ కోసమే. మూడేళ్ళు. ఇరవై నాలుగు నిండినవాళ్ళని తీసుకోరు. నాకు అక్టోబరులో నిండుతాయి. కాబట్టి నాకిదే మొదటి అవకాశం, ఇదే ఆఖరిది. పరీక్ష ఆగస్టు ముప్పైన.

పరీక్షంతా చిన్న గెంతులే. స్టేజీ ఈ మూల నుంచి ఆ మూలకి ఎగిరేవి కాదు. నిలబడ్డ చోటే, జానెడు ఎత్తు, రెప్ప వేసి తీసేలోగా అయిపోయేవి. పరీక్ష పెట్టేవాళ్ళు కుర్చీల్లో కూర్చుని ఫ్రెంచి పేర్లు వరసగా చదువుతారట. చేసి చూపించరు. పియానో మొదలవగానే మనం చేసెయ్యాలి. ఒక్క పేరు దగ్గర తెల్లమొహం వేస్తే అంతే సంగతులు. మిగతావాళ్ళందరూ బొమ్మల పుస్తకాలు పెట్టుకుని బట్టీ పడుతున్నారు. నాకు పుస్తకం ఎందుకు, నువ్వుండగా?

నాన్న దూరపు లైన్లలో లారీ నడిపిన ఆ రెండేళ్ళూ నాకు రోజూ గుర్తొస్తాయి. నాకు తొమ్మిదేళ్ళు. మీ ముందుగదిలో కుట్టుమిషను గోడకి జరిపేవాళ్ళం. నేల చెక్కది, మధ్య పలక కిర్రుమనేది. నువ్వు నాకు వీపు పెట్టి బల్ల దగ్గర కూర్చుని వేళ్ళతో దరువు వేసేదానివి. నేను గెంతేదాన్ని. తలైనా తిప్పకుండా "అది జెతే కాదే మిడతా, రెండు కాళ్ళు పడ్డాయి" అనేదానివి. నీ వీపుకి కళ్ళున్నాయని నాన్నకి చెప్తే, "మా అక్క ముప్పై ఏళ్ళు బాలే స్కూల్లో చేసింది, మాటలా" అన్నాడు. నేనిక్కడ అందరికీ అదే చెప్పుకు తిరుగుతున్నాను.

కాబట్టి ఆ చిన్న గెంతులన్నీ పేర్లతో సహా రాసి పంపు. ఏది ఎలా చెయ్యాలో రెండేసి మాటల్లో రాస్తే చాలు, మిగతాది నా కాళ్ళకి తెలుసు.

లాండ్రీ ఎప్పటిలాగే ఉంది. ఆసుపత్రి దుప్పట్లు, హోటలు దుప్పట్లు, మళ్ళీ ఆసుపత్రివి. నేనూ, నాతో పనిచేసే పొడుగుదీ రోలరు ఇస్త్రీ దగ్గర ఎదురెదురుగా నిలబడి రోజుకి ఆరువందలు మడతపెడతాం. సూపర్‌వైజరమ్మ మా వెనకాలే నిలబడి లెక్క చూసుకుంటుంది. నిన్న "కాళ్ళెందుకలా ఆడిస్తున్నావు" అంది. "చేతులు ఆగాయా?" అన్నాను. మళ్ళీ లెక్కలో పడింది. నాకు ఈ ఆవిరిలో ముసలిదాన్ని కావాలని లేదు అత్తా. అంతే.

ఒళ్ళు బాగుంది. నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి?

నీ మిడత


జూన్ 14

మిడతకు అత్త ఆశీస్సులు.

మోకాళ్ళు నీ ఉత్తరం వచ్చిన రోజు బాగున్నాయి, మర్నాటి నుంచి మామూలే. మీ నాన్న ఆదివారం వచ్చి కుళాయి బాగుచేశాడు. అప్పటినుంచి అది ఇంకా బాగా కారుతోంది. వాడికి చెప్పకు.

బాలే అడిగినందుకు ఎంత సంతోషమేసిందో రాయలేను. ఆ స్కూలు వదిలాక ఇన్నేళ్ళలో నన్నెవరూ ఆ పేర్లు అడగలేదు. వంటింట్లో గిన్నెలు తోముతూ ఒక్కొక్కటే పైకి చెప్పుకున్నాను, అన్నీ వచ్చాయి. పిండిమర పైన ఆ పొడుగాటి హాలు, కింద మర తిరుగుతుంటే కిటికీ అద్దాలు సన్నగా వణకడం, టీచరుగారి కర్ర. ఆవిడ కర్రతో నేలమీద రెండుసార్లు కొడితే మొదలు, ఒక్కసారి కొడితే ఆపు. చలికాలం పొద్దున్న పిల్లల బట్టల్లోంచి ఉడుకునీళ్ళ వాసన వచ్చేది. ఇంక చాలు, నీకు పని కావాలి కదా.

షాంజ్‌మా: రెండు కాళ్ళతో లేచి రెండు కాళ్ళ మీద దిగడం. "దబ్" అని ఒక్కటే దెబ్బ. ఆంత్రెషా కూడా ఇదే. టీచరుగారు ఒక్కోరోజు అలా పిలిచేవారు, ఒక్కోరోజు ఇలా.

జెతే: ముందు పాదం నేలని రాసిన చప్పుడు, ఆపైన ఒంటికాలి దెబ్బ.

అసాంబ్లే: అదే రాపిడి, కానీ రెండు కాళ్ళూ నేలమీద కలిసి పడతాయి.

సిసోన్: రాపిడి ఉండదు. రెండు కాళ్ళతో లేచి ఒంటికాలి మీద దిగుతారు.

గ్లిసాద్: ఒక కాలు, వెంటనే రెండోది. "త-తప్". దీన్ని వేరే గెంతుకి ముందు వాడతారు.

పా ద షా: పిల్లి అడుగు అని అర్థం. అదీ "త-తప్" అనే. గ్లిసాదునే కాస్త హుషారుగా చేస్తే పా ద షా అనుకో.

ముఖ్యమైనది ఒకటి చెప్తాను. దిగేటప్పుడు స్పష్టంగా దిగు. నాన్చుతూ దిగేవాళ్ళది జెతేయో అసాంబ్లేయో ఎవరికీ అర్థం కాదు. వినపడని గెంతు గెంతు కాదు.

వేళకి తిను. ఆ సూపర్‌వైజరుతో నోరు జారకు, పరీక్ష రోజు సెలవు ఇవ్వాల్సింది ఆవిడే.

నీ మంచి కోరే అత్త


జూన్ 30

అత్తా,

నీకెలా ఉందని అడగను. నాకెలా ఉందో విను.

పరీక్షకి వెళ్ళేవాళ్ళ కోసం ఆదివారాలు నాటకశాల మేడమీద ఒక టీచరమ్మ సాధన చేయిస్తుంది. జుట్టు సగం నెరిసింది, గొంతు మాత్రం రంపం. మొదటి ఆదివారం మేం ఇరవై మందిమి. ఆవిడ పేర్లు చదివింది, పియానో మొదలైంది. నేను నువ్వు రాసినట్టే స్పష్టంగా దిగాను. నాలుగు గెంతులకే ఆవిడ చెయ్యెత్తి ఆపేసింది.

"ఎవరమ్మా అక్కడ బస్తాలు దించుతున్నది?"

అందరూ పక్కకి జరిగారు. మధ్యలో నేను.

"నేల నీకేం చేసింది తల్లీ? దాన్నెందుకలా కొడుతున్నావు?"

"వినపడని గెంతు గెంతు కాదు కదండీ" అన్నాను. హాలంతా పకపకా నవ్వింది. అప్పుడు ఆవిడ ఒక మూల ఉన్న సన్నటి పిల్లని పిలిచి అదే వరస చేయించింది. అత్తా, ఆ పిల్ల పదహారు గెంతులు గెంతింది. నాకు వినిపించింది పియానో ఒక్కటే. అలా ఉండాలట. మడమ నేలకి తాకేది కూడా తెలియకూడదట. ఐదేళ్ళ పిల్లలకి చెప్పే మొదటి పాఠమట అది.

తర్వాత పా ద షా. నేను హుషారుగా గ్లిసాద్ చేశాను.

"పిల్లిని ఎప్పుడైనా చూశావా?"

"మా లాండ్రీలో ఉంది."

"అది ఇలా కాళ్ళీడ్చుకుంటూ పోతుందా? దానికేమైనా జబ్బా?"

ఆంత్రెషా దగ్గర నేను షాంజ్‌మా చేశాను. ఆవిడకి ఇక నవ్వు కూడా రాలేదు. "ఎవరు నేర్పారు నీకు?" అంది. తలెత్తి చెప్పాను. మా మేనత్త, నదికి అవతల పిండిమర పైన స్కూల్లో ముప్పై ఏళ్ళు డాన్సరు అని చెప్పాను. ఇంటిపేరు కూడా చెప్పాను.

"ఆ స్కూల్లో నేను రెండేళ్ళు చదివాను. ఆ ఇంటిపేరుతో డాన్సరెవరూ లేరే. పియానో వాయించే ఆవిడ ఉండేది. గోడవైపు తిరిగి కూర్చునేది. వీపు బాగా గుర్తు, మొహం గుర్తు లేదు."

బూట్లు చేత్తో పట్టుకుని మెట్లు దిగి వచ్చేశాను.

నువ్వు డాన్సరువి కాకపోతే కాకపోయావు. నేనూ ఇస్త్రీదాన్నే, పియానో వాయించడం నాకేం చిన్నతనంగా లేదు. కానీ ముప్పై ఏళ్ళు ఆ గదిలో కూర్చుని ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి వెనక్కి తిరిగి చూడలేదా? నువ్వు కంటితో చూడని గెంతులు నాకెలా నేర్పావు? ఆ రెండేళ్ళు నన్నైనా చూశావా? నేను గాల్లో ఉన్నప్పుడు నీ కళ్ళు ఎటు ఉన్నాయి? గోడ మీద.

జాబితా చింపలేదు. చింపేస్తే నీకు సుఖంగా ఉంటుంది. దాచుకుంటాను.

మిడత


జూలై 19

అత్తా,

ఇరవై రోజులైంది. ఒక్క ముక్క లేదు. అలిగావన్నమాట. అలిగితే అలుగు. నేను రాసిందాంట్లో అబద్ధం ఎక్కడుందో చూపించు, అప్పుడు క్షమాపణ అడుగుతాను.

నాన్నకి రాశాను, అత్త డాన్సరని నాకెందుకు చెప్పావని. ఆయన జవాబు చూడు: "డాన్సరని నేనెప్పుడన్నాను? స్కూల్లో చేసిందన్నాను. చేసిందిగా." మీ అక్కాతమ్ముళ్ళు ఇద్దరూ ఒకే అచ్చు. అబద్ధం చెప్పరు, నిజం ఎదుటివాళ్ళు ఊహించుకోవాలి.

మళ్ళీ ఆదివారం వెళ్ళాను. వెళ్ళకపోతే ఆ నవ్వినవాళ్ళు గెలిచినట్టే కదా. ఆవిడ ఏమీ అనలేదు, వెనక వరసలో నిలబెట్టింది. ఇప్పుడు మధ్యాహ్నం తిండి గంటలో దుప్పట్లు ఆరేసే గదిలో సాధన చేస్తున్నాను. సిమెంటు నేల, మోకాళ్ళ కింద ఎముకలు సలుపుతున్నాయి. పొడుగుది రెండు చాపలు తెచ్చి పరిచింది. "నువ్వు దిగినప్పుడు నా చెంచా కదలకూడదు" అని గిన్నె ముందు పెట్టుకుని కూర్చుంటుంది. మొదట్లో చెంచా గణగణమనేది. నిన్న రెండుసార్లు కదిలిందంతే.

కానీ పా ద షా రావడం లేదు, ఆంత్రెషా రావడం లేదు. టీచరమ్మ ఒక్కొక్కరికీ విడివిడిగా చూపించదు. నా ముందు వరసలో వాళ్ళ వీపులే కనిపిస్తాయి, గాల్లో కాళ్ళేం చేస్తున్నాయో కనపడదు. నాకు వీపులే రాసిపెట్టి ఉన్నాయి కాబోలు.

ఇంకొకటి. రాయకూడదనుకున్నాను, రాసేస్తున్నాను. మొన్న ఆదివారం కిటికీ దగ్గర బూట్ల తాడు కట్టుకుంటున్నాను. వెనక వాళ్ళు గెంతుతున్నారు. "ఎడం పక్కనున్న అమ్మాయి సిసోన్ చెయ్యబోయి జెతే చేసింది" అన్నాను, చూడకుండానే. టీచరమ్మ నా వైపు చూసి, "నిజమే" అంది. అది నాకెక్కడిదో నాకు తెలుసు. దాంతో కోపం తగ్గలేదు. ఇంకా పెరిగింది.

సెలవు అడిగాను. సూపర్‌వైజరమ్మ చూద్దాం అంది. చూసేదేం లేదు, ఆ రోజు నేను రాను, ఆ తర్వాత మీ ఇష్టం అన్నాను.

రాయాలనుంటే రాయి.

మిడత


ఆగస్టు 3

మిడతా,

అలగలేదు. నీకు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు, అది సంపాదించుకోవడానికి నెల పట్టింది. వరసగా నాలుగు శనివారాలు బస్సెక్కి పిండిమర స్కూలుకి వెళ్ళాను.

నన్ను ఉద్యోగంలోంచి పంపేసి పియానో బదులు టేపు పెట్టుకున్నప్పుడు, ఇంక ఆ మెట్లెక్కనని ఒట్టుపెట్టుకున్నాను. మీ నాన్నకి కూడా చెప్పలేదు. మెట్లు నలభై ఒకటి, మోకాళ్ళు లెక్క చెప్పాయి. ఆఫీసులో ఉన్న కుర్రమనిషికి నేనెవరో తెలియదు. గెంతుల అరగంట మాత్రం చూస్తాను, తర్వాత వెళ్ళిపోతానని బతిమాలితే కుర్చీ వేశాడు. పియానో ఉన్నచోట బీరువా ఉంది. నేలమీద పియానో కాళ్ళ గుంటలు నాలుగూ అలాగే ఉన్నాయి. అటువైపు చూడకుండా, పిల్లలకి ఎదురుగా కూర్చున్నాను. ఒక చిన్నపిల్ల వచ్చి, "మీరు ఎవరి అమ్మమ్మ?" అంది. ఎవరికీ కాదమ్మా, ఇక్కడ పియానో వాయించేదాన్ని అన్నాను. "ఇక్కడ పియానో ఉండేదా?" అంది.

నీ ప్రశ్నకి ముందు జవాబు రాస్తాను. తిరగలేదు. మొదటిరోజు ఒక్కసారి తిరిగాను. ఒక అమ్మాయి గాల్లో ఉంది. నా చేతులు ఆగిపోయాయి. ఆ అమ్మాయి తాళం తప్పి చీలమండ బెణికింది. టీచరుగారు కర్ర నా పియానో మీద పెట్టి, "నువ్వు చూస్తే వాళ్ళు పడతారు. నీ పని గోడ" అన్నారు. అప్పుడు నాకు నీ వయసు. ఉద్యోగం కొత్త. ఆ తర్వాత ఆవిడ మళ్ళీ అనాల్సిన అవసరం రాలేదు. కొన్నేళ్ళకి ఆవిడ పోయారు, వేరే టీచర్లు వచ్చారు, వాళ్ళెవరూ చూడొద్దనలేదు. అయినా తిరగలేదు. మెడకి అలవాటైపోయింది. నీతో బల్ల దగ్గర కూర్చున్నప్పుడూ అంతే. నేను చూస్తే నువ్వు పడతావనే అనుకున్నాను. ఇది సాకు కాదు, జరిగింది రాశాను.

నేను డాన్సరునని నువ్వు అనుకుంటున్నావని నాకు తెలియదు. వీపు పెట్టి కూర్చునే డాన్సరు ఎక్కడైనా ఉంటుందా పిచ్చిదానా?

ఇక రెండోది. ఇది రాయడానికే చెయ్యి రావడం లేదు. ఎదురుగా కూర్చుని చూస్తే అర్థమైంది. బాగా గెంతే పిల్లలకి చప్పుడే లేదు. నేను ముప్పై ఒక్కేళ్ళు విన్నది బాగా గెంతలేని పిల్లల్ని. నీకు నేర్పింది వాళ్ళ గెంతులు. కొన్ని రోజులు హాలు బోసిగా వినిపించేది, సగం మంది బడి ఎగ్గొట్టారనుకునేదాన్ని, విసుక్కుంటూ వాయించేదాన్ని. అవే మంచి రోజులన్నమాట. ఎంత మంచి పిల్లలు నా వెనక గెంతారో, ఒక్కళ్ళూ నా లెక్కలో లేరు.

సరే. చూసింది చూసినట్టు రాస్తున్నాను. పాత జాబితా ఇప్పుడు చింపెయ్.

గ్లిసాద్. పైకి లేవరు, జారతారు. చాచిన కాలివేళ్ళు నేలని వదలకుండానే రెండో కాలు వచ్చి మూసేస్తుంది. తలలు ఒకే ఎత్తులో ఉంటాయి, గోడ మీద గీత గీసినట్టు.

పా ద షా. దీనికీ గ్లిసాదుకీ చుట్టరికమే లేదు. ఒక మోకాలు పక్కకి మడిచి లేస్తుంది, అది దిగకముందే రెండోది లేస్తుంది. ఒక్క క్షణం పాదాలు రెండూ ఒంటి కిందకి ముడుచుకుని గాల్లో కూర్చున్నట్టుంటారు. తడిసిన గుమ్మం దాటే పిల్లి, మిడతా. నాకు నవ్వొచ్చింది. చూసినందుకు.

అసాంబ్లే. కాళ్ళు నేలమీద కలుస్తాయని రాశాను. తప్పు. గాల్లోనే కలుస్తాయి, కలిసే దిగుతాయి. వినేవాళ్ళకి అందేది దిగడమే కదా.

సిసోన్. రెండు కాళ్ళతో లేచి, పైన కత్తెర తెరుచుకున్నట్టు విడిపోతారు. ఒక కాలు దిగుతుంది, రెండోది ఇంకా దిగాలా వద్దా అన్నట్టు ఆలోచిస్తుంది.

షాంజ్‌మా. ముందున్న పాదం వెనక్కి, వెనకది ముందుకి. గాల్లో చోటు మార్చుకుంటాయి.

ఆంత్రెషా. ఇది చూడటానికే రెండో శనివారమంతా పట్టింది. కాళ్ళు గాల్లో ఒకదాన్నొకటి దాటి, మళ్ళీ దాటి బయల్దేరిన చోటికే వస్తాయి. దిగాక చూస్తే ఏమీ జరగనట్టే ఉంటుంది. జరిగిందంతా పైనే. మోకాళ్ళతో కాదు, తొడల దగ్గర్నుంచి కొట్టుకుంటాయి. ఇక్కడా ఒక సన్నపిల్ల ఉంది, మెరుపులా చేస్తుంటే కనిపించదు. బొద్దుగా ఉన్న ఒక అమ్మాయి కష్టపడి నెమ్మదిగా చేసింది, ఆ అమ్మాయి దయవల్ల చూడగలిగాను.

నాలుగో శనివారం కళ్ళు మూసుకుని ఐదు నిమిషాలు విన్నాను. తర్వాత తెరిచి చూశాను. ఆ రెంటికీ మధ్య నా ఉద్యోగం మొత్తం ఉంది. ఎక్కువ రాయను.

నిన్ను చూడలేదన్నావు. అవును. ఆ రెండేళ్ళలో నీ మొహం గెంతేటప్పుడు ఎలా ఉండేదో నాకు తెలియదు. నీ దెబ్బ మాత్రం వెయ్యిమందిలో గుర్తుపడతాను. ఎడమ కాలు ఒక వెంట్రుకవాసి ముందు దిగేది.

కాళ్ళకి ఉప్పునీళ్ళ కాపడం పెట్టు. సెలవు ఇవ్వకపోతే ఎగ్గొట్టు. ఇది కూడా నీ అత్తే రాసింది.

అత్త


ఆగస్టు 31

అత్తా,

క్షేమమే. కూర్చుని చదువు.

ముందు ఫలితం: తీసుకున్నారు. పదహారు మందిలో పద్నాలుగో పేరు నాది. తలుపుకి అంటించిన కాగితం మీద పొడుగుది వేలుపెట్టి చూపించేదాకా నాకు కనిపించలేదు, పైనుంచి చదువుతూ ఎనిమిదో పేరు దగ్గరే తిట్టడం మొదలుపెట్టాను. సెలవు ఇవ్వలేదు. ఎగ్గొట్టాను. రేపు సూపర్‌వైజరమ్మ సంగతి చూడాలి. పొడుగుది నా బదులు కూడా మడతపెట్టిందట, ఆరువందలూ పూర్తయ్యాయి కాబట్టి ఆవిడకి అరవడానికి లెక్క దొరకదు.

నీ ఉత్తరం వచ్చిన రోజు ఆరేసే గదిలో నిలబడి చదివాను. పొడుగుది "ఏమైందే" అంటే కళ్ళల్లో ఆవిరి పడిందన్నాను. పా ద షా మూడు రోజుల్లో వచ్చింది. ఆంత్రెషాకి రెండు వారాలు. టీచరమ్మ నన్ను వెనక వరసలోంచి రెండో వరసకి జరిపి, "ఎవరు చూపించారు?" అంది. "మా అత్త" అన్నాను. "ఆవిడకి ఎలా తెలుసు?" అంటే "వెళ్ళి చూసింది" అన్నాను.

పరీక్షలో నలుగురు నలుగురుగా నిలబెట్టారు. కుర్చీల్లో ముగ్గురు. పేర్లు చదివారు: గ్లిసాద్, జెతే, గ్లిసాద్, అసాంబ్లే, సిసోన్, పా ద షా, ఆంత్రెషా రెండు, షాంజ్‌మా రెండు. అత్తా, నాకు నేను వినిపించలేదు. మొదటిసారి. చెవులు పనిచేస్తున్నాయా అని భయమేసింది. పియానో వినిపిస్తోంది కాబట్టి పనిచేస్తున్నాయనుకున్నాను. ఎడమ కాలు కూడా ముందు దిగలేదు.

అంతా అయింది, ఊపిరి పీల్చుకుంటున్నాను. అప్పుడు మధ్య కుర్చీలో ఆవిడ "రెవెరాన్స్" అంది. పియానో నెమ్మదిగా ఏదో మొదలుపెట్టింది. ఆ పేరు నీ మొదటి జాబితాలో లేదు, రెండోదాంట్లో లేదు, గెంతులు తప్ప ఇంకేం చేయించని ఆదివారం సాధనల్లోనూ రాలేదు. పక్కన ముగ్గురూ ఒక కాలు వెనక్కి జార్చి, చేతులు చాచి, మెల్లగా వంగి కుర్చీలవాళ్ళకి దణ్ణం పెట్టినట్టు కిందకి వెళ్ళారు. నేను కరెంటు స్తంభంలా నిలబడ్డాను. మధ్యావిడ, "ఏమ్మా, మాకు మర్యాద అక్కర్లేదా?" అంది. "అది గెంతు కాదు కదండీ" అన్నాను. ముగ్గురూ కాగితాల మీద ఏదో రాసుకున్నారు. పద్నాలుగో స్థానం దాని పుణ్యమే.

అంతటితో అయిపోలేదు. నా పక్కన వంగిన ముగ్గురమ్మాయిలూ లేచి, పియానో వైపు తిరిగి, మళ్ళీ అలాగే వంగారు. అంత లోతుగానూ. ఇది ఎవరికని పక్కదాన్ని అడిగాను. "వాయించినావిడకి. ప్రతి క్లాసు చివరా ఉంటుంది కదా, తెలియదా?" అంది.

బయటికొచ్చాక టీచరమ్మని పట్టుకున్నాను. పిండిమర స్కూల్లో కూడా ఇలాగే చేసేవారా అని అడిగాను.

"ఎందుకు చెయ్యం? రోజూ చేసేవాళ్ళం. ముందు టీచరుగారికి, తర్వాత పియానోకి. రెండేళ్ళు మీ అత్త వీపుకి వంగాను నేను. ఒక్కసారైనా తిరిగి తలాడించేది కాదు. ఆవిడకి పొగరనుకునేవాళ్ళం."

పొగరు కాదు, ఆవిడకి తెలియదు, అది చప్పుడు చెయ్యదు కదా అన్నాను. టీచరమ్మ సంచిలోంచి కలం తీసింది. తర్వాత, "ఆవిడ అడ్రసు ఇస్తావా?" అంది. ఇచ్చాను. కోప్పడితే కోప్పడు.

ముప్పై ఒక్కేళ్ళు, రోజుకి ఎన్ని క్లాసులో నీకే తెలుసు. నాకు లెక్కపెట్టాలనిపించలేదు. ఒకటే అడుగుతాను. క్లాసు చివర నువ్వు కూడా ఏదో నెమ్మదైన ముక్క వాయించి ఉంటావు కదా, లేకపోతే వాళ్ళు దేనికి వంగుతారు? అది దేనికనుకున్నావు?

క్లాసులు సోమవారం నుంచి.

నీ మిడత


సెప్టెంబరు 8

మిడతా,

నీ పేరు తలుపు మీద పడిందని మీ నాన్నకి ఫోను చేసి చెప్పాను. మంచిదే అన్నాడు. తర్వాత కుళాయి ఇంకా కారుతోందా అని అడిగాడు. వాడంతే. ఇకనుంచి క్లాసులో నువ్వు ఏ గెంతు చేసినా కాళ్ళు గాల్లో ఏం చేశాయో నాకు రాస్తూ ఉండు.

టీచరమ్మ దగ్గర్నుంచి కూడా ఉత్తరం వచ్చింది. దానికి ఇంకా జవాబు రాయలేదు. రాయడానికి కూర్చుంటే నీ ప్రశ్న అడ్డొస్తోంది, కాబట్టి ముందు నీకు.

వాయించేదాన్ని. పదహారు చరణాల ముక్క, నెమ్మదైనది. టీచరుగారు మొదటిరోజే ఇచ్చారు, చివర్లో ఇది వాయించు అన్నారు, ఎందుకో చెప్పలేదు. పిల్లలు చెమట తుడుచుకోవడానికి, బట్టలు సర్దుకోవడానికి అనుకున్నాను. వెనక ఏ చప్పుడూ ఉండేది కాదు, అందుకని ఎవరూ వినడం లేదనుకున్నాను. కొన్నేళ్ళకి దాన్ని కుడిచేత్తోనే వాయించడం అలవాటైంది. ఎడమచేత్తో కాగితాలు సంచిలో పెట్టుకునేదాన్ని, కళ్ళజోడు పెట్టెలో వేసుకునేదాన్ని.

ఐదుంబావు బస్సు పోతే మళ్ళీ ఆరుంబావుకి గానీ లేదు. అందుకని ఆఖరి నాలుగు చరణాలూ వాయించకుండానే మూత వేసి, అటునుంచి అటే పక్క తలుపులోంచి మెట్లు దిగిపోయేదాన్ని.

నేను దిగిపోయేసరికి వాళ్ళింకా వంగే ఉండి ఉంటారు.

అత్త